కొంపాద్రే వరస

సాన్ హసింతో
ఫిబ్రవరి 2, కొవ్వొత్తుల పండుగ

కొంపాద్రే ఆర్నుల్ఫో గారికి,

మీ ఉత్తరం అందింది. పోస్టుమాస్టరు తనే తెచ్చి ఇచ్చాడు. కవరు వెనక మీ పేరు చూస్తే ఇంకా టోపీ తీస్తాడు. అధ్యక్ష పదవి దిగి మూడేళ్ళయింది కదయ్యా అన్నాను. "నాకు తెలుసు దోన్ నసారియో, నా చేతికే తెలియదు" అన్నాడు.

ఇక్కడికి వచ్చి ఉంటానని రాశారు. అడగాలా? అమ్మ గది ఖాళీగానే ఉంది. సున్నం వేయిస్తాను. కిటికీ రెక్క బిగుసుకుపోయింది, చిత్రిక పట్టిస్తాను. మంచం పాతదే. తాడు మాత్రం కొత్తది అల్లాను, నేనే పేనాను.

నా కళ్ళు బాగా లేవు. అంతా మసక. కిత్తనార పేనడానికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళు చాలు. రాయడమే కష్టం. గీత ఎక్కడికి పోతోందో తెలియదు. మన్నించాలి.

పోయిన వారం రాజధాని నుంచి ఒక పత్రికాయన వచ్చాడు. మీ చిన్నతనం గురించి రాస్తాడట. పెన్సిలు చెవిలో పెట్టుకుని పెరడంతా తిరిగాడు. అధ్యక్షుల వారు ఏ చెట్టు కింద కూర్చుని చదువుకునేవారు అన్నాడు. చెట్టు లేదు, తాళ్ళు పేనే చక్రం తిప్పుతూ చదివేవారు, చక్రం ఆగితే నాన్న తన్నేవాడు అన్నాను. అది రాసుకోలేదు. తర్వాత నన్ను పట్టుకున్నాడు. "సొంత తమ్ముణ్ణి మీరు అంటున్నావేమిటి తాతా? అధ్యక్షుడయ్యాడని భయమా?" అన్నాడు. తోమాసా వంటింట్లోంచి అందుకుంది. "అధ్యక్షుడైతే మాకేం గొప్ప? మా ఇలారియోకి జ్ఞానతండ్రి. జ్ఞానస్నానానికి గుళ్ళో నీళ్ళ తొట్టి దగ్గర వాణ్ణి ఎత్తుకున్న రోజు నుంచి వీళ్ళిద్దరూ కొంపాద్రేలు. కొంపాద్రేల మధ్య నువ్వు అన్న మాట ఉండకూడదు. మీ అమ్మ నీకు ఇంతమాత్రం చెప్పలేదా నాయనా?" అంది. ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఆవిడ పెట్టిన రొట్టెలన్నీ తినేశాడు.

తోమాసా అడగమంది. ఇలారియో కబురు ఏమైనా ఉందా? చికాగోలో మన కాన్సులు గారు మళ్ళీ ఏమైనా రాశారా? వాడు చేరిన ఆ రైల్వే సమ్మె జరిగి ఎనిమిదేళ్ళు. సైన్యాన్ని పంపారని మీ మీద కోపం ఉండొచ్చు. కన్నతల్లి మీద ఎందుకు? మీరు చెప్పే కబురు తప్ప వాడి దగ్గర నుంచి ఒక్క అక్షరం లేదు. వాడికి రాయడం వచ్చు కదా. మీరే నేర్పారు.

మీ కొంపాద్రే
నసారియో


మెక్సికో నగరం
ఫిబ్రవరి 19

అన్నగారు, కొంపాద్రే నసారియో గారికి నమస్కారాలు.

మీ గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అయినా ఒక్క మాట కూడా వదలకుండా చదివాను. ఇప్పుడు నాకు చదవడానికి వేరే ఉత్తరాలేమీ రావు లెండి. ఈ ఇంట్లో నాలుగు టెలిఫోన్లున్నాయి. నిన్న ఒకటి మోగింది. పరుగెత్తి తీశాను. ఎవరో ఆవిడ, పుట్టినరోజు కేకు ఎప్పుడు తీసుకోవచ్చని అడిగింది. బేకరీ కాదమ్మా అన్నాను. మరి ఎవరు అంది. ఏం చెప్పాలో తోచక పెట్టేశాను.

కోపం లేదు. ఇది మన దేశం పద్ధతి. దిగిపోయిన వాడు నోరు మూసుకోవాలి. నాకు ముందున్నాయన నోరు నేను మూయించాను. నేను వేలు చూపించి ఎవణ్ణి కుర్చీలో కూర్చోబెట్టానో వాడు నా నోరు మూయించాడు. వాడి పుట్టినరోజుకి పూలు పంపితే పూలు తిరిగొచ్చాయి. పూలబుట్ట మాత్రం ఉంచుకున్నారు.

పత్రికాయనకి చక్రం సంగతి చెప్పారా! బాగా చేశారు. ఆ చక్రం తిప్పి తిప్పి చదివి జిల్లా బడికి, అక్కడి నుంచి వకీలు చదువుకి, ఆ తర్వాత ఒక జనరల్ గారి దగ్గర గుమాస్తాగిరీకి, శాసనసభకి, గవర్నరు బంగళాకి, మంత్రి పదవికి వెళ్ళాను. వెళ్ళానని అంటున్నాను గానీ ఎవరో తిప్పుతుంటే పేనుకుంటూ పోయాను. అధ్యక్షుణ్ణి ఎలా అయ్యానో మీకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పటి ఆయన ఒకరోజు భోజనం దగ్గర ఉప్పు అందిస్తూ, "ఆర్నుల్ఫో, నీ ఛాతీ కొలత ఎంత?" అన్నాడు. కొత్త కోటు కుట్టిస్తాడేమో అనుకున్నాను. అధ్యక్షుడి ఛాతీకి అడ్డంగా వేసే మూడు రంగుల పట్టా కోసమని ఇంటికొచ్చాక వెలిగింది. ఆ రాత్రే నలుగురు జనరళ్ళు వచ్చి నన్ను కావలించుకున్నారు. అంతకు ముందు రోజు వాళ్ళకి నా పేరు కూడా సరిగ్గా పలకడం రాదు.

ఇలారియో కులాసా. చికాగోలో రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో పని. ఇల్లు మారాడట, అందుకని కబురు ఆలస్యమైంది. తిండికి లోటు లేదని వదినగారికి చెప్పండి. కోపం కూడా చల్లారుతుంది. కుర్రతనం కదా.

మీ కళ్ళ సంగతి. మార్చి మొదటి వారంలో మన జిల్లా ఆసుపత్రికి కంటి డాక్టర్లు వస్తున్నారట. అందరికీ ఉచితం. పత్రికలో చూశాను. తప్పకుండా పేరు రాయించండి.

ఈస్టర్ వెళ్ళాక బయలుదేరతాను. కిటికీ తూర్పుకే కదా?

మీ కొంపాద్రే
ఆర్నుల్ఫో


సాన్ హసింతో
మార్చి 19, సాన్ హోసే పండుగ

ఆర్నుల్ఫో,

రెండు కళ్ళకీ కట్టు కట్టారు. ఈ ఉత్తరం మందుల షాపు దోన్యా ఎల్విరా చేత రాయిస్తున్నాను.

డాక్టరు చెప్పాడు. నువ్వు చేసింది నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళు ఎందుకు దాచావు? మొదట కోపం వచ్చింది. తోమాసాకి చెబితే కూర్చుని ఏడ్చింది. తర్వాత ఆవిడే అంది, దాచాడంటే మన మీద ప్రేమతోనే దాచి ఉంటాడని. నా మనసులో ఇప్పుడు ఏమీ లేదు. నువ్వూ పెట్టుకోకు.

గదికి సున్నం వేశారు. కిటికీ తూర్పుకే. నువ్వు వచ్చెయ్. మిగతాది ఎదురుగా మాట్లాడుకుందాం.

నసారియో


మెక్సికో నగరం
ఏప్రిల్ 1

అన్నయ్యా,

"నువ్వు" అన్నావు. ముప్పై ఏళ్ళ తర్వాత నన్ను నువ్వు అన్నావు. ఆ మాట దగ్గర ఆగిపోయి చాలాసేపు ముందుకు చదవలేకపోయాను. కొంపాద్రేల మర్యాద పక్కన పెట్టి, చక్రం దగ్గర నా చెవి మెలిపెట్టే అన్నవై రాశావు. నన్ను క్షమించావని చెప్పడానికి నీకు అంతకంటే పెద్ద మాట దొరకదు. నువ్వు తక్కువ మాట్లాడే మనిషివి. అందుకే నీ ఒక్క మాట ఇంత బరువు.

ఈ ఉత్తరం కట్టు విప్పాక నువ్వే చదువు. ఇంకొకరి చేత చదివించకు, కవరు మీద కూడా అదే రాశాను.

ఏ డాక్టరు చెప్పాడని నేను అడగను. సాలిత్రే సైనిక శిబిరంలో ఉన్నది ఒక్కడే డాక్టరు. ఎప్పుడో ఒకప్పుడు అతను మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడని ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. భయపడుతూ చూశాను. ఇప్పుడు అతనికి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. అతను ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో. నా నోటితో నేను చెప్పకపోతే నీ క్షమ నాకు అందినట్టు కాదు.

అప్పటికి నేను పదవిలో కూర్చుని నాలుగు నెలలు కాలేదు. రైళ్ళు ఆగిపోయాయి. ఊళ్ళలో మొక్కజొన్న లేదు. జనరళ్ళు నా బల్ల చుట్టూ కూర్చుని నా ముఖం చూస్తున్నారు, ఈ తాళ్ళవాడి కొడుకు నిలబడతాడా లేదా అని. భోజనం మధ్యలో సాలిత్రే నుంచి ఫోను వచ్చింది. ఆ డాక్టరే. "అయ్యా, పట్టుబడ్డ వాళ్ళలో ఒక కుర్రాడు మీరు తన జ్ఞానతండ్రి అంటున్నాడు. కడుపులో దెబ్బ తగిలింది. పెద్దాసుపత్రికి పంపితే బతుకుతాడు. మీరు ఒక్క మాట అంటే పంపుతారు" అన్నాడు.

బల్ల దగ్గర అందరూ తినడం ఆపారు. మన వాణ్ణి ఒక్కణ్ణి పంపించమంటే, దెబ్బతిన్న మిగతా వాళ్ళ తల్లులకి ఏం చెప్పాలి అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి వాళ్ళ చూపులే నాకు కనిపించాయి. "రేపు చూద్దాం" అన్నాను. పొద్దున్నే నేనే ఫోను చేశాను. "ఇక అక్కర్లేదండీ" అన్నాడు.

వాణ్ణి శిబిరం లోపల గోడ పక్కన పూడ్చిపెట్టారు. పిరుల్ చెట్ల కింద.

చికాగో నేను కట్టిన ఊరు. కాన్సులూ లేడు, కార్ఖానా లేదు. వదిన పుట్టినరోజుకి ఇలారియో పంపాడన్న నీలం శాలువా కూడా నేనే కొనిపించాను. చెబుదామనే అనుకున్నాను అన్నయ్యా. ఈస్టర్ కానీ అనుకున్నాను, ఆనకట్ట ప్రారంభం కానీ అనుకున్నాను, పదవి దిగనీ అనుకున్నాను. దిగాక ఇక నాకు మిగిలింది మీరిద్దరే. అదీ పోతుందని చెప్పలేదు.

ఇప్పుడు ఆ బరువు నువ్వే దించేశావు. మీ ఇద్దరి కాళ్ళ దగ్గర కూర్చుంటే చాలు నాకు. వచ్చేస్తున్నాను.

నీ తమ్ముడు
ఆర్నుల్ఫో


సాన్ హసింతో
ఏప్రిల్ 12

ఆర్నుల్ఫో,

కట్టు నిన్న విప్పారు. డాక్టరు ముందు తన వేళ్ళు చూపించాడు. తర్వాత కిటికీ చూపించాడు. ఇంటికి వచ్చాక నీ ఉత్తరం విప్పాను. కొత్త కళ్ళతో నేను చదివిన మొదటి సంగతి అది.

నాకు ఏమీ తెలియదు.

నాతో మాట్లాడింది కంటి డాక్టరు. ఉచితం అన్నది ఉత్తమాటని, తమని రాజధాని నుంచి ప్రత్యేకం నువ్వే పంపించావని, ఆ సంగతి దాచమన్నావని చెప్పాడు. నా కళ్ళకి ఒకరి దయ ఏమిటని కోపం వచ్చింది. తోమాసా మీ తమ్ముడు బంగారం అని ఏడ్చింది. నేను రాయించింది అదే.

నువ్వు అని కూడా నేను అనలేదు. మీరు అనే చెప్పాను. దోన్యా ఎల్విరా వేరాక్రూజ్ తీరం నుంచి మన ఊరికి వచ్చిన కోడలు. వాళ్ళ వైపు చిన్నా పెద్దా అందరికీ నువ్వే. ఇవాళ వెళ్ళి అడిగాను. "సొంత తమ్ముడికి మీరు ఏమిటి దోన్ నసారియో, ఉత్తరం చలికి వణికిపోతుంది అని నేనే మార్చాను, మంచిపని చేశాను కదూ?" అంది. నవ్వుతూ అంది. చాలా మంచి పని తల్లీ అని వచ్చేశాను. ఆమెకేం తెలుసు.

ఆ ఒక్క మాటకి నువ్వు అంతా చెప్పేశావు. ఆమె నేను చెప్పినట్టే రాసి ఉంటే ఇలారియో ఇంకా చికాగోలో ఉండేవాడు.

చదివాక పెరట్లోకి వెళ్ళి తాడు పేనాను. ఎంత పేనానో తెలియదు. తోమాసా వచ్చి, "గుర్రానికా ఓడకా ఇంత పొడుగు?" అంది. ఆ నీలం శాలువా కప్పుకుని ఉంది. అన్నం తిన్నాను. తిన్నానని కంచం చూస్తే తెలిసింది.

రేపు చూద్దాం అన్నావు. అది చదివినప్పటి నుంచి నా చెవుల్లో వేరే మాట పడడం లేదు. నువ్వు వాణ్ణి చంపమన్నావని రాసి ఉంటే నాకు అర్థమయ్యేది. పగ అనుకునేవాణ్ణి. రేపు చూద్దాం అన్నది నాకు అర్థం కావడం లేదు.

అన్నదమ్ముల వరస అమ్మ ఇచ్చింది. దాన్ని తీసేసే హక్కు నాకు లేదు. కొంపాద్రే వరస నేనిచ్చాను. వాణ్ణి నీ చేతుల్లో పెట్టి ఇచ్చాను. అది తిరిగి తీసుకుంటున్నాను. అందుకే నువ్వు అని రాస్తున్నాను. ఈసారి నా చేత్తోనే. ప్రేమ అనుకోకు.

తోమాసాకి ఇంకా చెప్పలేదు. చెప్పే నోరు నాకు లేదు. నీకు ఉంది. బాల్కనీల్లో నిలబడి దేశం మొత్తానికి చెప్పేవాడివి, మేము రేడియోలో వినేవాళ్ళం. వచ్చి ఈ ఒక్క మనిషికి చెప్పు. శనివారం బండికి రా. నువ్వు వస్తున్నావని మాత్రం ఆమెకి చెప్పాను.

నసారియో


సాన్ హసింతో
ఏప్రిల్ 27

ఆర్నుల్ఫో,

శనివారం నువ్వు వచ్చావని స్టేషన్ మాస్టరు చెప్పాడు. పెట్టె దింపుకున్నావట. ఊరివైపు తిరిగి నిలబడ్డావట. కాఫీ ఇస్తే వద్దన్నావట. ఆ బండే వెనక్కి మళ్ళేటప్పుడు పెట్టెతో సహా ఎక్కావట. "ఎవరో రావాలనుకుంటా దోన్ నసారియో, రాలేదు కాబోలు, పాపం అధ్యక్షుల వారు వెళ్ళిపోయారు" అన్నాడు.

ఇంట్లో తోమాసా టర్కీ కోడిని కోసి, మిరపకాయలు వేయించి నూరి, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. బండి కూత విని బట్టలు మార్చుకుంది. పొద్దు వాలే దాకా గుమ్మంలో కూర్చుంది. "మీ తమ్ముడు దారి మర్చిపోయాడా, లేక తన పేరున్న రోడ్డుకి వాళ్ళు వేరే వాడి పేరు పెట్టారని అలిగాడా?" అని వేళాకోళం ఆడింది. ఆ వేళాకోళం నేను భరించలేకపోయాను.

చెప్పాను. ఇలారియో లేడు అన్నాను.

"లేకపోవడమేమిటి? చికాగోలో ఉన్నాడుగా" అంది.

సాలిత్రేలో ఉన్నాడు అన్నాను. మట్టిలో.

"ఎప్పటి నుంచి?"

సమ్మె నాటి నుంచి అన్నాను. మిగతాది కూడా చెప్పాను. నువ్వు రాసింది రాసినట్టు.

ఏడవలేదు. అరవలేదు. నన్ను కాదు, గోడ పక్కన బల్లని చూసింది. ఏటా నవంబర్లో పోయిన వాళ్ళు ఇంటికి వస్తారని మేము వాళ్ళకి అన్నం పెట్టే బల్ల. అమ్మకి, నాన్నకి, చిన్నప్పుడే పోయిన మా కవలలకి పెడతాం. ఇలారియోకి ఎప్పుడూ పెట్టలేదు. బతికున్న వాడికి అక్కడ పెడితే చావును పిలిచినట్టు కదా. ఒక ఏడాది నా చెల్లెలి వరస మనిషి ఒకామె తెలియక వాడి ఫొటో ఆ బల్ల మీద ఆనించబోతే తోమాసా ఆమె చెయ్యి మీద కొట్టి ఫొటో లాక్కుంది. ఇద్దరికీ అప్పటి నుంచి మాటల్లేవు.

"అయితే ప్రతి ఏడూ వచ్చే ఉంటాడు" అంది. "వాళ్ళ నానమ్మతో కలిసి వచ్చి ఉంటాడు. అందరూ తింటుంటే వాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. కన్నతల్లి ఇంట్లో ఉండి వాడికి ఒక్క రొట్టె పెట్టలేదు. వాడు ఎక్కడ తిన్నాడు? నసారియో, ఇన్నేళ్ళూ వాడు ఎక్కడ తిన్నాడు?"

తెలియదు అన్నాను.

నీ కోసం వండిన గిన్నె దించి ఆ బల్ల మీద పెట్టింది. శాలువా తీసి పొయ్యిలో వేస్తుందనుకున్నాను. మడిచి పక్కన పెట్టింది, ఎవరిదో తిరిగి ఇవ్వాల్సిన వస్తువులాగా. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడింది ఒక్కటే. "నవంబర్ దాకా ఆగను" అంది.

వచ్చే గురువారం బండికి మేమిద్దరం సాలిత్రే వెళ్తున్నాం. వాణ్ణి తెచ్చుకుంటాం. పార నాది. తాళ్ళు నావి. గేటు ఒక్కటే మా చేతిలో లేదు. దాన్ని తీయించు. నువ్వు మాట్లాడక్కర్లేదు, ఏడవక్కర్లేదు, కాళ్ళ దగ్గర కూర్చోనక్కర్లేదు. గేటు తీయించు.

నసారియో


సాలిత్రే
మంగళవారం, మే 4

అన్నయ్యా,

ఇక్కడి శిబిరం ఎదురుగా ఉన్న సత్రంలో ఉన్నాను. ఈ ఉత్తరం రైలు గార్డు చేతికి ఇస్తున్నాను, రేపటికి మీకు అందుతుంది. మిమ్మల్ని నువ్వు అనే ధైర్యం నాకు లేదు. మీరు అనే రాస్తున్నాను. కొంపాద్రేనని కాదు, తమ్ముణ్ణి కనుక.

స్టేషన్ సంగతి నిజమే. ఇంటి పొగగొట్టంలోంచి పొగ కనిపించింది. వదినగారు వండుతున్నారని తెలిసింది. పెట్టె ఎత్తుకుని మళ్ళీ బండెక్కాను.

రాజధానిలో అందరికీ ఫోను చేశాను. రక్షణ మంత్రి స్నానం చేస్తున్నాడన్నారు. మధ్యాహ్నం చేస్తే ఇంకా స్నానమే. ఒకప్పుడు నా బూట్ల లేసులు కట్టడానికి వంగిన మనిషి. ఉత్తరం రాస్తే, అటువంటి పేరుగల వ్యక్తి ఏ శిబిరంలోనూ ఎన్నడూ లేడు అని జవాబొచ్చింది. ఆ వాక్యం నాకు తెలుసు. నా కచేరీలో తయారైన వాక్యమే అది.

అందుకని స్వయంగా వచ్చాను. గేటు దగ్గర కాపలావాడు నన్ను ఆనవాలు పట్టలేదు. కెప్టెన్ పట్టాడు. కుర్రవాడు, నెత్తిమీద టోపీ ఇంకా కొత్తది. బయటికి వచ్చి, ముందు సెల్యూట్ చేసి, తర్వాత ఎందుకు చేశానా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"మీరు వస్తే గేటు తీయొద్దని పైనుంచి మాట ఉందండి. మీ పేరు చెప్పుకుని ఎవరొచ్చినా అంతే" అన్నాడు.

"తండ్రి వస్తే?" అన్నాను.

"ఎవరి తండ్రి?"

చెప్పాను. పిరుల్ చెట్ల సంగతి కూడా చెప్పాను. లోపల ఉత్తర దిక్కు గోడ పక్కన, గేటు వైపు నుంచి రెండో చెట్టు. అతను అటు తిరిగి చూడలేదు. చూడకపోవడంలోనే అతనికి తెలుసని నాకు తెలిసింది. బూట్ల ముందు మట్టిని కాలితో సవరిస్తూ నిలబడ్డాడు.

"తండ్రి గురించి నాకు పైవాళ్ళు ఏమీ చెప్పలేదు" అన్నాడు చివరికి. "తల్లీతండ్రీ వస్తే తీస్తాను. గురువారం అధికారులెవరూ ఉండరు. వాళ్ళు లోపలికి వెళ్ళి తమ వాణ్ణి తీసుకోవచ్చు. మీరు మాత్రం బయటే నిలబడాలి."

నిలబడతానన్నాను.

ఆర్నుల్ఫో